పిట్ట ముట్టేదాకా

సోమవారం

గీత లైసెన్సు ఉన్నవాళ్లు రోజూ ఈ లాగ్ చెప్పాలని రూలు. ఎన్ని చెట్లు ఎక్కాం, ఎంత నీరా దింపాం, లొట్టిలకు సున్నం పూశామా లేదా, ఇంతే చెప్పాలి. వేరే ముచ్చట్లు పెట్టొద్దని లైసెన్సు ఇచ్చిన రోజే గట్టిగా చెప్పారు. అప్పటినుంచీ నేను వేరే ముచ్చట్లే పెడుతున్నాను. అబ్కారీ వాళ్లు ఒక్కసారి కూడా ఏమీ అనలేదు. అంటే ఎవరూ వినడం లేదన్నమాట. ఈ వారం మాత్రం తప్పకుండా వింటారు, అందుకే కాస్త వరసగా చెబుతాను.

నా పేరు మార్క స్వరూప. మూడో గుమ్మటంలో ఈతవనం నాది. నాది అంటే పట్టా ఉందని కాదు, గీసుకుని బతకమని ఇచ్చారు. ఈ ఎర్రనేల మీద మనిషి బరువు సగం కూడా ఉండదు. భూమ్మీద మా తాతలు మోకు కట్టుకుని ఆయాసపడుతూ ఎక్కేవారట. ఇక్కడ నేను కబుర్లు చెప్పుకుంటూ ఎక్కుతాను. చెట్టు కూడా ఇక్కడ ధారాళంగా కారుతుంది, సాయంత్రం గీసి లొట్టి కట్టామంటే తెల్లవారేసరికి నిండుతుంది.

ఇవాళ అన్ని లొట్టిలకూ సున్నం పూశాను. లోపల సున్నం ఉంటే ఈతనీరు పులవదు, అది నీరా, సర్కారు బెల్లం వండుకుంటుంది. సున్నం లేకపోతే పొద్దెక్కేసరికి అదే నీరు కల్లవుతుంది. కల్లయితే నేరం, నేను దొంగను.

ఈ చట్టం ఎందుకు వచ్చిందో తెలియనివాళ్లు లేరు. ఒకడు తాగిన మత్తులో బయటి తలుపు సరిగా బిగించలేదు. గాలి పోయి పదకొండు మంది చనిపోయారు. అందరం ఏడ్చాం. అయితే వాడు తాగింది సర్కారు ముద్ర వేసి అమ్మిన సారా ప్యాకెట్టు. ప్యాకెట్టు ఇప్పటికీ అమ్ముతున్నారు, మణికట్టులోని చిప్పు చూపించి వాటా తీసుకోవచ్చు. కల్లు మీద ముద్ర వేయడానికి వీల్లేదు, దానికి మూత బిగిస్తే పొంగి పగులుతుంది. ముద్ర పడనిది మత్తు చట్టంలో ఇమడలేదు, అందుకని ఆ పదకొండు మంది మూడో దినం రాకముందే కల్లును నిషేధించారు. అత్త మీది కోపం దుత్త మీద చూపించడమంటే ఇదే.

మాట అనుకోకుండా వచ్చింది గానీ, ఇవాళ మధ్యాహ్నం మా అత్త పోయింది. కొమురవ్వ. నాకు మోకు కట్టడం నేర్పిన మనిషి. నెల రోజులు మంచంలో ఉండి ఒక్క కోరిక కోరింది. అది ఈ లాగ్‌లో చెబితే నా లైసెన్సు పోతుంది. చెబుతున్నాను.

"నా పిట్టకు కల్లు వెట్టు బిడ్డా. మీ మామ లెక్క నన్ను ఉపాసం పంపకు."

మంగళవారం

ఎక్కిన చెట్లు అన్నీ. సున్నం పూసిన లొట్టిలు ఒకటి తక్కువ. తూర్పు వరుసలో చివరి చెట్టుకు సున్నం లేని లొట్టి కట్టాను. మర్చిపోయి కాదు.

పొద్దున అత్తను మట్టిగదికి అప్పగించి వచ్చాం. ఇక్కడ కాల్చడానికి గాలి మిగలదు కాబట్టి మనిషి మట్టిలో కలిసి చెట్లకు ఎరువవుతుంది. దాని గురించి అత్తకు ఏ బాధా లేదు. ఆమె బాధంతా మూడో దినం గురించే.

మూడో దినం పిట్టకు పెట్టాలి. పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ ఇస్తరిలో వడ్డించి, పక్కన కల్లు పెట్టి, దూరంగా కూర్చోవాలి. పిట్ట వచ్చి ముడితే మనిషి తృప్తిగా పోయినట్టు. ముట్టేదాకా ఇంట్లో ఎవరూ అన్నం తినరు. భూమ్మీద కాకులు వచ్చేవి. ఇక్కడ కాకి కాదు గదా, కోడి కూడా బతకలేదు. మొదట వచ్చినవాళ్లు ఏడుస్తూ కూర్చోకుండా ఒక దారి చూసుకున్నారు. చెట్లకు పుప్పొడి అంటించడానికి అరచేతంత ఎగిరే మరలు ఉండేవి. తీపి వాసనకు వచ్చి వాలేవి. వాటినే పిట్టలన్నారు. వాటికే పెట్టారు. ఎవరూ నవ్వలేదు.

చట్టం వచ్చిన నాడే ఆ మరలకు అబ్కారీ వాళ్లు కొత్త ముక్కులు తగిలించారు. ఇప్పుడవి కల్లు, సారా వాసనకు తప్ప దేనికీ రావు. వాసన దొరికితే వచ్చి, సూదిలాంటి ముక్కు ముంచి చుక్క తీసుకుని, కీచుమని కేకపెడతాయి. మా మామ పోయినప్పుడు నీరా పెట్టుకుని పొద్దంతా కూర్చున్నాం. ఒక్క పిట్టా రాలేదు. దీపాలు పెట్టే వేళకు పెద్దమనుషులు "పోనీ, తినుండ్రి" అన్నారు. అందరూ తిన్నారు. అత్త తినలేదు. ఆ రోజే కాదు, తర్వాత ఏ పండగకూ కడుపునిండా తినడం నేను చూడలేదు. గుమ్మటంలో ఇలా "పోనీ" అనిపించుకున్న ఇళ్లు చాలా ఉన్నాయి. ఆ మాట పైకి ఎత్తరు, అంతే.

మా ఆయన భిక్షపతి గాలి ప్లాంటులో పనిచేస్తాడు. పోయింది ఆయన తల్లి. సున్నం పూయని లొట్టి సంగతి చెప్పగానే గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

"చెట్లు గుంజుకుంటే ఏం తిని బతుకుదమే?" అన్నాడు.

"నీ జీతం మీద."

"నా జీతమెంతనో నీకు ఎర్క లేదా?"

"ఎర్కనే. అందుకే గద చెట్లెక్కుతున్న."

ఆయన నవ్వలేదు. "అవ్వ నాతోని గుడ అన్నది. ఇననట్టు చేసిన," అన్నాడు. ఆయన మీద జాలి వేసింది, కోపమూ వచ్చింది. రెండూ ఒకేసారి రావడం మొగుడి విషయంలోనే జరుగుతుంది.

సాయంత్రం అబ్కారీ ఇన్‌స్పెక్టర్ దుర్గాభవాని పరామర్శకు వచ్చింది. చావు జరిగిన ఇంటికి మూడో దినంలోపు వచ్చి ఒక మాట చెప్పి వెళ్లడం ఆమె అలవాటు. పరామర్శ సగం, హెచ్చరిక సగం.

"పెద్దావిడ పోయారని తెలిసిందండి. మీకు నీరా ఎంత కావాలన్నా నేను సంతకం పెట్టి ఇప్పిస్తాను. కల్లు మాత్రం వద్దు స్వరూప గారూ."

"నీరాకు పిట్ట రాదు మేడం."

"అది మెషీనండి. పిట్ట కాదు."

"మిషినని మాకు తెల్వదా? కాకి ఈడ బతుకదాయె. ఏదుంటే దాన్నే పిలుసుకుంటం."

"పోనీ ఒక ప్యాకెట్ పెట్టుకోవచ్చు కదా."

"ప్యాకెట్టు మణికట్టు సూపెట్టినోళ్లకే ఇస్తరు, ఆడనే తాగమంటరు. మా అత్త మణికట్టు పొద్దున మట్టిల కలిసింది. ఏడికెల్లి తేవాలె మేడం?"

ఆమె చెడ్డ మనిషి కాదు, ఆ సంగతి నాకు తెలుసు. ఆ తలుపు దగ్గర పోయిన పదకొండు మందిలో ఆమె తమ్ముడు ఒకడు. "రూలు సడలిస్తే ఏమవుతుందో నేను చూశానండి," అని లేచి వెళ్లిపోయింది. ఆమె చూసింది నిజమే. అయితే మేము కూడా చూశాం, మాకు పిట్ట ముట్టని మా మామ ఇస్తరి కనిపించింది.

బుధవారం

తెల్లవారగానే తూర్పు వరుస చివరి చెట్టు నుంచి లొట్టి దింపాను. మధ్యాహ్నానికి తెల్లగా నురగ కట్టింది. ఆ వాసన తగిలి మా ఆయన చిన్నపిల్లాడిలా కళ్లు మూసుకున్నాడు. తొట్టిలో పెంచిన చేపల పులుసు, మక్కగారెలు, అన్నం వండాను. ఇస్తరి ఆయనే తీసుకెళ్లి వనం బయట నేల మీద పెట్టాడు. అత్త పేరు చెప్పి సాక పోశాను, నాలుగు చుక్కలు మట్టిలో ఇంకిపోయాయి. దొప్పలో మిగతా కల్లు పెట్టి జరిగి కూర్చున్నాం.

ఇరుగుపొరుగు వాళ్లు పిలవకుండానే వచ్చి కొంచెం దూరంలో నిలబడ్డారు. దగ్గరకు వస్తే సాక్షులవుతారు, దూరంగా ఉంటే దారిన పోయేవాళ్లవుతారు. వాళ్ల లెక్క వాళ్లది.

ఎక్కువసేపు పట్టలేదు. గుమ్మటం కప్పు దగ్గర ఒకటి తిరిగింది, ఇంకా కిందికి దిగింది, దొప్ప అంచు మీద వాలింది. ముక్కు ముంచింది.

"అవ్వ తిన్నది," అన్నాడు మా ఆయన. ఇక ఏడుపు ఆపుకోలేదు. నేనూ ఆపుకోలేదు. పిట్ట కీచుమని అరుస్తూనే ఉంది, మాకు ఆ అరుపు చెవులకు చల్లగా ఉంది. మిగిలిన కల్లు నేను, మా ఆయన తలా ఒక గుటక తాగాం. ఇది కూడా రాసుకోండి.

మేం అన్నం తింటుండగానే దుర్గాభవాని ఇద్దరు మనుషులతో వచ్చింది. చేయి కడుక్కోమన్నారు. సగం అన్నంలో లేపారు. దొప్ప తీసుకున్నారు, లొట్టి తీసుకున్నారు, నా మోకు తీసుకున్నారు. లైసెన్సు రద్దు. విచారణ తేలేదాకా వనం సీలు. ఆర్డరు ఆమే చదివింది.

"ఈత చెట్లను గానీ, చెట్లకున్న లొట్టిలను గానీ ఎవరూ ముట్టుకోరాదు. ముట్టుకుంటే కఠిన శిక్ష."

"ఎవరూ అంటే, నేను గుడనా మేడం?"

"ముఖ్యంగా మీరేనండి."

ఒక మాట చెబుదామని నోరు తెరిచాను. మళ్లీ మూసుకున్నాను. అడగకుండా సలహా ఇవ్వడం నా లైసెన్సులో ఎప్పుడూ లేదు, ఇప్పుడైతే లైసెన్సే లేదు. ఆమె మనుషులు ఒక్కో చెట్టు మొదలుకూ ఎర్ర పట్టీ చుట్టి, ముద్ర వేసి వెళ్లారు. గీత పెట్టిన చెట్లన్నీ పైన లొట్టిలతో అలాగే ఉన్నాయి.

గురువారం

లైసెన్సు రద్దు చేసినవాళ్లు ఈ లాగ్ మూయడం మర్చిపోయారు. పొద్దున ఎప్పటిలాగే "చెప్పండి" అని అడిగింది. అడిగితే చెప్పకుండా ఉండలేను.

ఎక్కిన చెట్లు లేవు. పూసిన సున్నం లేదు. అయితే చెట్లు ఆర్డరు వినలేదు. గీత పెట్టిన చెట్టు దానంతటది ఆగదు. పైన గాటు ఎండేదాకా కారుతూనే ఉంటుంది, ఈ నేల మీద అది వారం పైనే. లొట్టికి పూసిన సున్నం ఒక్క పూటకే పనిచేస్తుంది. దింపి, కడిగి, కొత్తగా పూయాలి. అది నేను రోజూ చేసేదాన్ని. ఇప్పుడు చేయకూడదని ఆర్డరు. నిన్న నేను చెప్పబోయి మింగిన మాట ఇదే.

సాయంత్రానికి లొట్టిలన్నీ నిండి పొర్లాయి. వనం అంతా కమ్మటి పులిసిన వాసన. మా ఇంటి గుమ్మంలో కూర్చుని ఆ వాసన పీలుస్తూ ఉన్నాను. నేను చేసిన నేరం ఒక దొప్పెడు. అబ్కారీ వాళ్లు ముద్ర వేసి మరీ కాయిస్తున్నది వనమంత.

చీకటి పడకముందే మొదటి పిట్ట వచ్చింది.

శుక్రవారం

పిట్టల సంగతి ఏం చెప్పమంటారు. మూడో గుమ్మటంలో ఉన్నవన్నీ వచ్చాయి. తలుపులు తెరిచినప్పుడల్లా పక్క గుమ్మటాలవీ దూరుతున్నాయి. లొట్టిల మీద, మట్టల మీద, కారిన చారల వెంట, ఎక్కడ చూసినా అవే. ఒకటి అరిస్తే అన్నీ అరుస్తున్నాయి. అబ్కారీ ఆఫీసులో గంటలు ఆగకుండా మోగుతున్నాయట. నిజం దొంగసారా కాచేవాడెవడైనా ఉంటే వాడికి ఇవాళ పండగే, కాపలా అంతా నా వనంలోనే ఉంది.

మా ఆయన డ్యూటీ దిగి వచ్చాడు. నేను అడగకముందే చెప్పాడు.

"గాలికి ఏం గాలె. రాత్రిసంది మీటరు ముంగటనే కూసున్న. గాలిని వడగట్టే జాలీలు వాసననంత గుంజుకుంటనే ఉన్నయి. ఇన్ని రోజులు కల్లుతోని గాలి ఖరాబైతదని మనల బెదిరిచ్చిరి."

"పైవాళ్లకు చెప్పినవా?"

"చెప్పిన. రాసి గుడ ఇచ్చిన." ఆ గొంతులో నాకు అలవాటు లేని గట్టితనం ఉంది. ఆయనకు ఇంకో గారె వడ్డించాను.

మధ్యాహ్నం ఎల్లేశం మామ వచ్చాడు. మా వరుసలో చివరి ఇల్లు. ఆయన భార్య రాజవ్వ చట్టం వచ్చిన కొత్తలోనే పోయింది. ఆ పదకొండు మంది తర్వాత మొదట "పోనీ" అనిపించుకున్న ఇల్లు అదే. చేతిలో మూతపెట్టిన గిన్నె, చంకలో ఇస్తరి.

"స్వరూపా, చెట్ల కింద ఇస్తరి ఏస్తె నేరమా?" అని అడిగాడు.

"ముట్టద్దన్నది చెట్లను మామా. నేలను గాదు."

"నేనేం కల్లు పొయ్య. ఉత్త అన్నమే."

"నువ్వు పొయ్యకు. చెట్టు కారితే నువ్వేం జేస్తవ్."

ఆయన పట్టీకి తగలకుండా ఒంగి, నిండిన లొట్టి కింద ఇస్తరి పరిచాడు. అన్నం, పప్పు, ఒక బెల్లం ముక్క. పైనుంచి చుక్క పడింది. ఇంకో చుక్క పడింది. ఒక పిట్ట లొట్టి వదిలి కిందికి దిగి అన్నంలో ముక్కు పెట్టింది. ఎల్లేశం మామ ఏడుస్తాడనుకున్నాను. ఆయన అరుస్తున్న పిట్ట వైపు చూసి, "గింత ఆలశ్యమా," అని మాత్రం అన్నాడు. కోపంగానే అన్నాడు. ఎవరి మీద కోపమో నేను అడగలేదు.

శనివారం

తెల్లవారి తలుపు తీసేసరికి వనం చుట్టూ జనం. ఒక్కొక్కరి చేతిలో ఇస్తరి, మూతపెట్టిన గిన్నె. తోసుకోవడం లేదు, మాటలు లేవు. ఒకరు పెట్టి జరిగితే ఇంకొకరు పెడుతున్నారు. పెట్టేటప్పుడు పేరు చెబుతున్నారు. ఇన్నేళ్లుగా ఎవరూ ఎత్తని పేర్లు. కొన్ని నాకు తెలిసినవి, ఆ తలుపు దగ్గర పోయినవాళ్లవి. అసలు ఎవరి చావు చూపించి ఈ చట్టం తెచ్చారో వాళ్లే ఇన్నాళ్లూ ఉపాసం ఉన్నారు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని సామెత. ఇవాళ ఈతచెట్టు కింద ఉత్త అన్నం పెట్టుకున్నాం, ఏమంటారో అనండి.

దుర్గాభవాని పొద్దెక్కాక వచ్చింది. ఒక్కతే వచ్చింది. నిద్రలేక కళ్లు ఎర్రబడ్డాయి. చంకలో నా మోకు ఉంది.

"స్వరూప గారూ, ఆఫీసంతా గోల అండి. మిగతా గుమ్మటాల్లో ఒక్క మెషీను లేదు. మీరు ఎక్కి లొట్టిలు దింపి సున్నం పూయాలి. మావాళ్లలో ఎక్కడం ఎవరికీ రాదు."

"నాకు లైసెన్సు లేదు మేడం."

"తెచ్చానండి."

"చెట్లకు సీలుంది."

"నేనే తీసేస్తాను."

"ముట్టుకుంటే కఠిన శిక్షని మీరే సదివిండ్రు."

"చదివానండి. తప్పయింది. ఎక్కుతారా లేదా చెప్పండి."

నేను జనం వైపు చూశాను. ఇంకా పెట్టనివాళ్లు ఉన్నారు. పెట్టినవాళ్లు పిట్ట దిగేదాకా కూర్చుని ఉన్నారు. నాకు మా సగం తిన్న ఇస్తరి గుర్తుకొచ్చింది. ఆమె మీద అరవాలని ఉంది. అరిచే హక్కు కూడా ఉంది. అయితే ఆమె నన్ను చూడడం లేదు. ఒక ఇస్తరి ముందు కూర్చున్న ముసలాయన చెప్పిన పేరు విని అక్కడే నిలబడిపోయింది. ఆ పేరు ఆమె తమ్ముడిది కాదు, తమ్ముడితోపాటు డ్యూటీ చేసినవాడిది.

"మీ దిక్కు ఎట్ల జేస్తరు మేడం?" అని అడిగాను.

"పిండం పెడతామండి. కాకి ముట్టాలి."

"ముట్టిందా?"

"ఇక్కడ కాకులెక్కడివండి," అంది.

ఆమె చేతిలోంచి నా మోకు తీసుకున్నాను. నడుముకు కట్టుకోలేదు, గుమ్మం పక్కన కొక్కేనికి తగిలించాను.

"ఎక్కుత మేడం. నా చెట్లు, నేను గాక ఎవలెక్కుతరు. గని ఇప్పుడు గాదు. అందరి పిట్టలు ముట్టినంక, అందరు అన్నం తిన్నంక ఎక్కుత. రేపు మళ్ల ఎవలన్న పోతే, వాళ్ల మూడో దినానికి ఒక లొట్టికి నేను సున్నం పుయ్యనే పుయ్య. అది గుడ ఇప్పుడే చెప్తున్న. మీకు ఇష్టమైతే లైసెన్సు ఇయ్యుండ్రి, లేకుంటే తీస్కపోండ్రి."

"అందరూ తినేసరికి సాయంత్రం అవుతుందండి."

"అయితది."

"ఇంకా ఎంతమంది ఉన్నారు?"

"మీతోని కలిపి లెక్కవెట్టుకోండ్రి."

లోపలికి వెళ్లి గిన్నెలో అన్నం, ఒక ఇస్తరి తెచ్చి ఆమె చేతిలో పెట్టాను. ఆమె టోపీ తీసి నా చేతికిచ్చి, ఇంకా పెట్టనివాళ్ల వరుస చివర నిలబడింది.

ఎక్కిన చెట్లు లేవు. ఇంకా ఎవరం తినలేదు.